తెర మూలన తెల్ల టేపు

మెడికల్ టేపు చర్రుమని చింపిన చప్పుడు వింటే చాలామందికి దెబ్బలు గుర్తొస్తాయి. నాకు కారు రేసులు గుర్తొస్తాయి. మొన్న మా అమ్మాయి మోకాలికి దూది పెట్టి టేపు చింపానో లేదో, నా కుడికాలు దానంతటదే బ్రేకు కోసం వెతికింది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. సీతమ్మధారలో మా అద్దె వాటా కిందే వరలక్ష్మక్క ఫిజియోథెరపీ క్లినిక్. మధ్యాహ్నం రోగులు లేని వేళ అక్క కంప్యూటర్లో కారు రేసు ఆడేది. ఓడలో పనిచేసే ఆవిడ తమ్ముడు తెచ్చిన స్టీరింగును బల్లకు బిగించి, పెడళ్లు జారకుండా వాటి వెనక రోగుల నడుం లాగడానికి బరువుగా కట్టే ఇసుక సంచులు పెట్టేది. వైద్య పరికరాలను అంత సద్వినియోగం చేసినవారిని నేను మళ్లీ చూడలేదు.

నేనప్పుడు దువ్వాడ దగ్గర ఇంజనీరింగ్ చదివేవాణ్ణి. చదివేవాణ్ణి అనడం కొంత అతిశయోక్తి. ఆదివారాలు మిత్రులం ఆరుగురం ఒక నెట్ సెంటర్లో రేసు పెట్టుకునేవాళ్లం. నేను ఒక్కటీ చివరిదాకా నడపలేదు. పోతూ పోతూ ఇంకొకణ్ణి కూడా గోడకు తీసుకుపోయేవాణ్ణి. చివరికి వాళ్లలో శ్రీను తేల్చేశాడు: "బావా, ఈ ఆదివారం కూడా గుద్దీసినావంటే నీ కుర్సీ ఇంకొకడికి. ఏటనుకోకు." ఆ ఐదుగురు తప్ప నాకప్పుడు ఆ ఊళ్లో వేరే స్నేహితులు లేరు.

అక్క దగ్గరికి పోయి నడిపి చూపించాను. మొదటి మలుపులోనే గోడ. మళ్లీ నడిపాను. మళ్లీ అదే గోడ.

"ఏటి తమ్ముడా, ఆ గోడకి సుట్టమా నువ్వు?"

"టైము తగ్గిద్దామని అక్కా."

"టైము సూత్తన్నావా, రోడ్డు సూత్తన్నావా?"

"రెండూ అక్కా."

అక్క టేపు చింపి, తెర మూలన సెకన్లు పరిగెత్తే చోట అంటించేసింది. "ఇప్పుడొకటే ఉంది. అది సూడు."

తర్వాత చెప్పులు విప్పించింది. బ్రేకు మలుపుకు ముందే తొక్కి, తిరుగుతూ నెమ్మదిగా వదలమంది. నేను గభాలున వదిలేసేవాణ్ణి, కారు బొంగరమయ్యేది. ఒకనాడు అక్క నా మోచేతిని అరచేతిలో పట్టి పైకెత్తి, చప్పున వదిలేసింది. బల్ల తగిలి కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ ఎత్తి, ఈసారి మెల్లగా దించింది. ఆవిడ చెయ్యి ఎక్కడ అయిపోయిందో, బల్ల ఎక్కడ మొదలైందో తెలియలేదు.

"కట్టు ఇప్పిన సెయ్యిని ఇలాగ దించుతాం. బ్రేకూ అంతే. కారుకి నొప్పెట్టకూడదు."

"కారుకి నొప్పేమిటక్కా?"

"నీకు తెలీదు గానీ, దానికి తెలుస్తాది."

ఆదివారం రేసుకు ముందు నా తెర మూలన టేపు అంటించాను. "కంప్యూటర్‌కి దెబ్బ తగిలిందేటి బావా?" అన్నాడు శ్రీను. అందరూ నవ్వారు. ఆఖరి మలుపులో శ్రీను కారు నా పక్కకు దూరింది. కాలు పాత బుద్ధి చూపించబోయింది. మోచెయ్యి గుర్తొచ్చి ఆగింది. మెల్లగా వదిలాను. వాడు ముందుకు వెళ్లిపోయాడు, నేను గీత దాటాను. నాలుగో స్థానం. మిగతా ఇద్దరూ గోడల్లో ఉన్నారు కనుక, దాన్ని ఆఖరి స్థానమని కూడా అనవచ్చు.

శ్రీను వంగి నా తెర చూశాడు. "కుర్సీ ఉంచుకో బావా," అన్నాడంతే.

పరిగెత్తుకెళ్లి చెబితే, రోగి మోకాలు వంచుతున్న అక్క తలెత్తకుండానే "గోడ?" అంది. తగల్లేదన్నాను. "అయితే కాలు నేర్సుకుంది. ఇంక నువ్వు నేర్సుకోవాల."

తర్వాత అక్క క్లినిక్‌ను ఎలమంచిలికి మార్చేసింది. నేనిప్పటికీ తీరికవేళల్లో ఆడుతూనే ఉన్నాను. కుర్రాళ్లు నా రికార్డు టైమెంత అని అడుగుతారు. తెలియదంటే వినయమనుకుంటారు, అది టేపు కింద ఉందని వాళ్లకు తెలియదు.

మొన్న టేపు అంటించాక మా అమ్మాయి కాలిని అరచేతిలో పట్టి నేల మీదికి దించాను. నొప్పెట్టిందా అని అడిగితే, "ఎప్పుడు దించావు నాన్నా?" అంది.