మామ మోకాళ్ళ మీద వెతికిన డోలు

ఆ ఉదయం కాజీపేట స్టేషన్‌లో బండి దిగుతుండగా ఫోన్ మోగింది. చూస్తే అత్త నంబరు. అత్తకు వినపడదు కాబట్టి తనకు తానుగా ఎప్పుడూ ఫోన్ చెయ్యదు. మాట్లాడింది పక్కింటావిడ. "మీ మామ పోయిండు బిడ్డా. దవాఖానకు తీస్కపోయేలోపే పాణం పోయింది" అంది. అక్కడే బెంచీ మీద కూలబడి ఏడ్చాను. కానీ ఈ నాలుగు మాటలు ఏడుస్తూ రాయడం లేదు. మా మేనమామ గెలిచిన ఒక పోరు గురించి మీకు చెప్పాలని రాస్తున్నాను.

హనుమకొండలో ఆయనది స్టీలు సామాన్ల దుకాణం. అక్కడ బిందె కొన్నవాళ్ళు మీలో ఉంటే ఆయన మీకు గుర్తుండే ఉంటాడు. బిందెను వేలి కణుపుతో టంగుమని కొట్టి, ఆ మోత ఆగేదాకా చెవి ఒగ్గి, "ఇది తీస్కపో, మంచిగున్నది" అనేవాడు. ఎంత రద్దీలోనైనా ఆ మోత ఆగాల్సిందే, ఆ తర్వాతే మాట.

దుకాణం కట్టేసి ఇంటికొస్తే ఆయనకు పాటలు కావాలి. హాల్లో చెక్క స్టాండ్ల మీద రెండు చిన్న స్పీకర్లు ఉండేవి. వాటిని అత్త పాత చీర ముక్కతో తప్ప దేనితోనూ తుడవనిచ్చేవాడు కాదు. పక్కనే పేము కుర్చీలో అత్త. ఆమె పుట్టిల్లు కేసముద్రం దగ్గరి పల్లె. చిన్నప్పుడు ఒగ్గుకథ చెప్పేవాళ్ళు వస్తే డోలు దగ్గరి నుంచి లేచేది కాదట. ఇంట్లో డోలు పాటలు పెట్టినప్పుడల్లా ఆ సంగతి చెప్పి తీరేది.

వయసు మీదపడ్డాక అత్తకు వినికిడి తగ్గింది. పాటలో మాటలు అలుక్కుపోయాయి. చెవి మిషను కొనిస్తే, "ఈగలు ముసురుతున్నట్టుంది" అని తీసి గూట్లో పెట్టేసింది. మామ పాట పెట్టగానే తను వంటింట్లోకి వెళ్ళిపోవడం మొదలైంది. ఆ ఖాళీ కుర్చీ పక్కన కూర్చుని పాట వినడం ఆయనకు ముద్ద దిగనట్టే ఉండేది.

"సన్న సప్పుళ్ళు ఇనవడయి గని, లావు సప్పుళ్ళు మీ అత్తకు మంచిగనే ఇనవడ్తయని డాక్టర్ అన్నడు" అని ఒకరోజు నాతో అన్నాడు. "మన స్పీకర్లల్ల ఆ లావు సప్పుడే రాదాయె. ఇగ ఆమె ఏమినాలె? సబ్‌వూఫర్ అని లావు సప్పుళ్ళ పెట్టె ఉంటదట, అది తేవాలె బిడ్డా. మీ అత్త మల్ల గా కుర్చీల కూసోవాలె."

వరంగల్‌లో ఆయన వెంట తిరిగింది నేనే. ఏ దుకాణానికెళ్ళినా లైట్లు వెలిగే పెద్ద పెట్టె చూపించి, "బాస్ కొడ్తె దుమ్ము లేస్తది సార్!" అనేవారు. మామ తన డోలు సీడీ ఇచ్చి వినేవాడు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ వినపడకపోతే, "పెండ్లి బరాతుకైతె పనికొస్తది బాబూ, మా ఇంటికి గాదు" అని లేచేవాడు. నాకైతే అన్నీ ఒకలాగే వినపడ్డాయి, ఆకలి మాత్రం బాగా తెలిసింది. చివరికి ఒక దుకాణంలో అన్నిటికన్నా సాదాగా ఉన్న ఒక నల్ల పెట్టె దగ్గర ఆగాడు. వెనకున్న మీట తిప్పుతూ తిప్పుతూ, "స్పీకర్లు చెయ్యలేని పనే ఇది చెయ్యాలె. వాటి పనిల ఏలు వెట్టొద్దు" అన్నాడు. ఇంకాసేపు విని, "ఉన్నట్టు తెల్వొద్దు, తీసేస్తె తెల్వాలె. గిది" అని తేల్చేశాడు.

పెట్టె ఇంటికొచ్చింది. అత్త దాన్ని ఎత్తి చూసి, "ఇంత బరువుది నైరుతి మూలకే వెట్టాలె" అంది. వాస్తు మాట వస్తే మా ఇంట్లో అప్పీలు లేదు. మూలకే పెట్టారు. పాట పెట్టగానే ఇల్లంతా గుమ్మని ఒకటే రొద. డోలు దెబ్బలన్నీ ముద్దయిపోయాయి, వంటింట్లో గిన్నెలు గలగలలాడాయి. అత్త తల పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వాపసు ఇచ్చేద్దామన్నాను. మామ పెట్టె మీద వేలి కణుపుతో కొట్టి చూశాడు. "బిందె మంచిదే బిడ్డా, వెట్టిన జాగ మంచిగ లేదు" అన్నాడు.

పెట్టె అమ్మిన దుకాణం వాళ్ళకు ఫోన్ చేస్తే ఒక ఉపాయం చెప్పారు. వినేవాళ్ళు కూర్చునే చోట పెట్టె ఉంచి, పాట పెట్టి, చెవి నేలకు దగ్గరగా ఉంచి గోడల వెంట పాకాలి. ఎక్కడ దెబ్బ తేటగా వినపడితే పెట్టెను అక్కడ పెట్టాలి. మామ పెట్టెను అత్త కుర్చీలో కూర్చోబెట్టాడు. లుంగీ ఎగగట్టి, మోకాళ్ళ మీద హాలంతా పాకడం మొదలుపెట్టాడు. అత్త బయటికొచ్చి నిలబడిపోయింది.

"ఏం పోయిందే? ఏం దేవులాడ్తాండు?"

"నీ డోలు, అత్తా!" అని అరిచాను.

తూర్పు గుమ్మం పక్కన, చెప్పుల స్టాండు దగ్గర మామ ఆగిపోయాడు. "ఇగో, ఈడ!"

"తూర్పున బరువా?" అంది అత్త. మామ లేచి, వంటింట్లో నిండుగా ఉన్న బియ్యం డ్రమ్మును దొర్లించుకుంటూ తెచ్చి హాల్లో నైరుతి మూలకు నిలబెట్టాడు. "బరువు నైరుతిల ఉండాలె, అంతే గద? బియ్యం కంటె బరువేముంటది మనింట్ల?"

పెట్టె గుమ్మం పక్కకు మారింది. అత్త కుర్చీలో కూర్చుంది, మళ్ళీ లేచిపోవడానికి సిద్ధంగా, ఒక చెయ్యి కుర్చీ మీద ఆనించి. పాట మొదలైంది. ముందు ఆమె కాలి బొటనవేలు కదిలింది. తర్వాత అరచెయ్యి మోకాలి మీద పడింది, ఒక్క దెబ్బ కూడా తప్పకుండా. "డోలొచ్చిందే!" అంది. "మా ఊరి డోలే ఇది!" సర్పంచిగా గెలిచినట్టు మామ మీసం దువ్వాడు. ఆ రోజు నుంచి ఆ కుర్చీ ఖాళీగా లేదు. మామ పోయిన ముందురోజు సాయంత్రం కూడా ఇద్దరూ అక్కడే కూర్చుని విన్నారట.

దినాలకు వచ్చిన చుట్టాలు జంపఖానాలు పరవడానికి హాలు ఖాళీ చేస్తూ, బియ్యం డ్రమ్మును వంటింట్లోకి దొర్లించి, పెట్టెను నైరుతి మూలకు నెట్టేశారు. అందరూ వెళ్ళాక అత్త నన్ను పాట పెట్టమంది. పెట్టాను. ఒక్క నిమిషం విని తల అడ్డంగా ఊపింది. "ఇది మీ మామ డోలు గాదు."

"జాగ నాకెరుకే అత్తా, గుమ్మం పక్కన వెడ్త ఉండు" అని గట్టిగా అన్నాను.

"నాకెరుక లేదా? ఆయన ఎట్ల దేవులాడిండో అట్లనే దేవులాడ్త. దాన్ని కుర్చీల వెట్టు."

పెట్టాను. అత్త కొంగు బొడ్లో దోపి, నా భుజం పట్టుకుని మోకాళ్ళ మీదకు దిగింది. గోడ వెంట నెమ్మదిగా పాకింది. కిటికీ కింద ఆగి, కాదని తల ఊపి, ముందుకు పోయింది. చెప్పుల స్టాండు దగ్గరికి వచ్చేసరికి ఆగింది. మొహమంతా వెలిగింది. నా వైపు చూడకుండానే, "ఇగో, ఈడ!" అంది. అక్కడే గుమ్మం పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, అరచేత్తో బండ మీద దెబ్బకు దెబ్బ వేస్తూ ఉంది.