చూడకుండా అన్న మాట

నంద్యాలలో ముస్తఫా బోర్డులు రాయబట్టి ముప్పయ్యెనిమిదేళ్లయింది. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయి, ఇప్పుడు లారీల నంబర్లు, బడిగోడల మీద సూక్తులు రాస్తున్నాడు. పని తగ్గేకొద్దీ ఆయనకు అభిప్రాయాలు పెరిగాయి. పొద్దున్నే టీకొట్లో పేపరంతా చదివి, అందులోని ప్రతి గొడవకూ తీర్పు చెప్పేవాడు. మాటలో కారం ఉండేది కాబట్టి జనం వినేవాళ్లు.

కిందటేడు ఒక విత్తనాల వ్యాపారి ఊళ్లోని పార్కుకు శిల్పం ఇచ్చాడు. ఆళ్లగడ్డలో చెక్కిన నల్లరాయి. తల లేదు, చేతులు లేవు. ఈ గుండురాయికి పన్నెండు లక్షలా అంటూ ఫోన్లలో ఫోటో తిరిగింది. పార్కులో తాగను నీళ్లు లేవు, ఈ సోకెందుకని కొందరు. ఆయన డబ్బు, ఆయనిష్టం అని కొందరు. ఒక లోకల్ చానెల్ విలేకరి టీకొట్టుకే వచ్చి ముస్తఫా ముందు మైకు పెట్టాడు.

"దుడ్లుండాయని గుండును తెచ్చి బొమ్మంటే నమ్మాల్నా? చెక్కను రానోడు సగంలో ఇడిసిపెట్టినాడు. అంతే."

ఆ ముక్క ఊరంతా చూసింది. రెండు రోజులు ఆయన టీకి ఎవరో ఒకరు డబ్బులిచ్చారు. మూడో రోజు పొద్దున, శిల్పం మీద ఎవరో ఎర్ర ఎనామెల్ రంగు పోశారని తెలిసింది. దిమ్మె మీద 'సగంలో ఇడిసిన గుండు' అని వంకర అక్షరాలతో రాశారట. టీకొట్లో అందరూ నవ్వారు. ముస్తఫా టీ సగంలోనే వదిలేసి లేచాడు.

ఇంట్లో భార్య మైమూనా ఒకటే అడిగింది, పోసింది నువ్వా అని. కాదన్నాడు. మాట మాత్రం నీదే కదా అంది. ఆ రోజంతా ఒకచోట కూర్చోలేకపోయాడు. లారీ మీద నంబరు రాస్తూ ఒక అంకె తప్పు రాశాడు. మర్నాడు ఆళ్లగడ్డ బస్సెక్కాడు.

శిల్పి శేషయ్య షెడ్డులో సింహం కాళ్లు చెక్కుతున్నాడు. అరవై దాటిన మనిషి.

"టీవీలో మాట్లాడింది నేనేనన్నా," అన్నాడు ముస్తఫా.

శేషయ్య ఉలి దించలేదు. "తెలుసు. మా కోడలు సూపిచ్చింది."

"రంగు నేను పొయ్యలా."

"పోసినావని నేనన్లా. నువ్వు బొమ్మను సూసినావా?"

ఫోటో చూశానని చెప్పబోయి ఆగాడు. పార్కు టీకొట్టుకు కూతవేటు దూరం.

"సూడల్యా."

"నలభై ఏండ్లు అడిగినోళ్లకు అడిగినట్ల చెక్కినా. నా మనసులోది చెక్కింది అదొకటే. బాగలేకపోతే బాగలేదను. సూసి అను."

అదేం బొమ్మో మాత్రం ఆయన చెప్పలేదు. రంగు తీస్తానంటే వద్దనలేదు; ఇనుప బ్రష్షు తగలనీయొద్దని చెప్పి మళ్లీ పనిలో పడ్డాడు.

ముస్తఫా బస్సు దిగి నేరుగా పార్కుకు వెళ్లాడు. ముందు నుంచి అది గుండే. చుట్టూ తిరిగి వెనకవైపుకు వెళ్తే వంగిన వీపు. వరుసగా వెన్నుపూసలు, నడుము దగ్గర దోపిన కొంగు. నాట్లేసే ఆడమనిషి. ఎర్రరంగు పూసల సందుల్లోకి దిగి ఎండిపోయింది.

వాచ్‌మన్ మోషేను బతిమాలి, థిన్నరు, పాత గుడ్డలు, పళ్లు తోముకునే బ్రష్షు పెట్టుకుని మూడు రోజులు తుడిచాడు. సంగతి తెలిసి విలేకరి మళ్లీ వచ్చాడు. దీనికి పన్నెండు లక్షలు తగునా అని అడిగాడు.

"అది నాకు తెలీదు. మొగం పెట్టింటే బాగుండు అనిపిస్తాది. కానీ ఆ పొద్దు నేను సూడకుండా మాట్లాడినా. ఇది పనొచ్చినోని పని. ఈ మాట గూడా ఎయ్యి."

చానెల్ వాళ్లు వెయ్యలేదు. దాంతో టీకొట్లో ఒక్కొక్కరికీ తానే చెప్పుకొచ్చాడు. విత్తనాల సేటు నీకెంతిచ్చినాడని అడిగిన వాళ్లూ ఉన్నారు. ఆ మాటకు లేచి వచ్చేసి పదిరోజులు అటు పోలేదు. పోకపోతే ఇంట్లో కాలు నిలవలేదు.

రెండు పూసల మధ్య ఎరుపు ఎంత రుద్దినా పోలేదు. అది చెప్పడానికి శేషయ్యకు ఫోన్ చేశాడు. మొగం సంగతీ ఎత్తాడు. ఇద్దరూ అరగంట వాదించుకున్నారు. ఎవరూ తగ్గలేదు. వచ్చే శుక్రవారం నమాజు అయ్యాక బస్సెక్కి వస్తా, ఎదురుగా కూర్చుని మాట్లాడదామని ముస్తఫా ఫోన్ పెట్టేశాడు.