రొయ్యల గుంట పైపు

బావ చనిపోయిన ఏడాదికి ఆయన కారు అమ్మేద్దామంది అక్క. కొనడానికి వచ్చిన గూడూరు నిమ్మకాయల వ్యాపారి అంతా చూసి ఒక్కటే షరతు పెట్టాడు. ఆ ఇంజను మోత తనకొద్దు, కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఫిల్టర్ డబ్బా మళ్లీ బిగించి ఇవ్వాలి. ఆ పని నా మీద పడింది. మోత పుట్టించిన ఇద్దరిలో మిగిలింది నేనే మరి.

అక్కవాళ్లవి సముద్రం పక్కన రొయ్యల గుంటలు. పంట బాగా వచ్చిన ఏడు అందరూ పొలాలు కొంటుంటే, బావ మద్రాసు వెళ్లి ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు, అదీ సెకండ్ హ్యాండ్‌ది. అక్క వారం రోజులు మాట్లాడలేదు. మాట్లాడే సమయానికి, ఇంజనులోకి గాలి ఎక్కువ లాగే ఇన్‌టేక్ కిట్ పార్సిల్ దిగింది.

"ఇంజనుకు ఊపిరాడ్డంలేదురా," అన్నాడు బావ. పాత డబ్బా తీసేసి లావుపాటి గొట్టం, దాని చివర గరాటులాంటి ఫిల్టరు పెట్టాలి. అయితే గొట్టాన్ని ఇంజనుకు కలిపే రబ్బరు ముక్క సైజు తప్పు పంపారు. తిప్పి పంపుదామన్నాను. నేను కృష్ణపట్నం పోర్టులో క్రేన్ ఆపరేటర్ని.

"అంతంత క్రేన్లు తిప్పతావు, జానెడు పైపుకు భయపడతావేందిరా?" అని గుంటల మోటారు పైపులోంచి ఒక ముక్క కోసుకొచ్చి బిగించాడు. స్టార్ట్ చేస్తే కోళ్లు గోడెక్కాయి. అతుకు దగ్గర గాలి లీకవుతోందేమోనని దోమల చక్రం వెలిగించి చుట్టూ తిప్పాం. పొగ ఎక్కడా లోపలికి పోలేదు. చిన్నపిల్లల్లా ఎగిరి గంతేశాం.

ఆదివారం అక్కా బావా ఆ కారులో చర్చికి ఆలస్యంగా వెళ్తే, పాస్టరు గారు ప్రసంగం ఆపి, ఇంజను ఆగేదాకా ఓపిగ్గా నిలబడ్డారు. అక్క సిగ్గుతో చచ్చిపోయింది. కానీ సాయంత్రాలు ఆ మోతే తనకు పనికొచ్చేది. కారు తూము దాటగానే ఇంట్లో వినపడేది. "వస్తా ఉండాడు మీ బావ," అని విసుక్కుంటూ పొయ్యి మీద పెనం పెట్టేది. ఆయన కాళ్లు కడుక్కుని కూర్చునేసరికి మొదటి దోసె తయారు.

పోయిన నెల ఆ పైపు ముక్క విప్పాను. ఉప్పుగాలికి తెల్లబారింది గానీ ఎక్కడా పగల్లేదు. బావ కత్తి పెట్టిన వంకర గాటు అలాగే ఉంది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. తరవాత కంపెనీ డబ్బా బిగించి గుంటల దాకా వెళ్లొచ్చాను. కారు ఎంతో మర్యాదగా నడిచింది.

వంటింట్లోకి అడుగు పెడితే అక్క ఉలిక్కిపడింది.

"ఎప్పుడొచ్చినావురా? నాకు వినపళ్లేదే."

పెనం ఇంకా గోడకే ఉంది. దాని వైపు చూసింది.

"ఆ పైపు పారేసినావా?"

"లేదక్కా, బయటే ఉంది."

"గూడూరాయనకు ఫోన్ చేసి కారు అమ్మడంలేదని చెప్పు. అది మళ్లీ బిగించి గుంటల దాకా పోయి రా," అంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "వినపడినాక పెనం పెడతా."