పదమూడో ఛానెల్ దుర్గారావు గారు

సత్యదుర్గారావు గారి లాప్‌టాప్‌లో వైఫై సవ్యంగా పనిచేస్తుండగా చూసినవాళ్ళు మామిడికుదురులో లేరు. ఊళ్ళో అందరి వైఫైలూ బాగుచేసేది మాత్రం ఆయనే.

ఆయన రిపేరు షాపు పక్కనే నా జిరాక్సు షాపు. పాత లాప్‌టాప్ ఏది వచ్చినా విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్సు వేసి, ఇచ్చేటప్పుడు బతిమాలేవారు. "అప్‌డేట్ అని వస్తే నొక్కకండి. నేను చెప్పేదాకా ఆగండి." పెళ్ళిలో ఎదురుపడినా అదే పలకరింపు. "నొక్కలేదు కదండీ?" ఓసారి తనకి బీపీ చూస్తున్న డాక్టరు గారినీ అడిగారు. "నొక్కేనండి" అన్నారాయన. బీపీ మళ్ళీ చూడాల్సి వచ్చింది.

అంత భయస్తుడూ, అప్‌డేట్ వచ్చిన పూటే తన లాప్‌టాప్‌లో వేసుకునేవారు. వైఫై పోయేది. గోడ నుంచి పొడుగాటి వైరు లాక్కుని పనిచేసుకుంటుంటే, మేమంతా నవ్వుకునేవాళ్ళం.

పోయిన నెల ఓ ఉదయం తొమ్మిదిన్నరకి నర్సు కుసుమ లాప్‌టాప్ గుండెలకి హత్తుకుని పరిగెత్తుకొచ్చింది.

"బాబాయ్ గారూ, పదింటికి మస్కట్ ఆసుపత్రి వాళ్ళతో వీడియో ఇంటర్వ్యూ! మా వైఫై కనపడట్లేదండి. ఇక్కడ మీదీ కనపడట్లేదు. ఫోన్లో సిగ్నల్ ఆగాగి వస్తోందండి."

"నొక్కేవా?"

"ఆయ్... చెయ్యి తగిలిందండి."

దుర్గారావు గారు లాప్‌టాప్ అందుకుని గబగబా తెరిచి చూశారు. ఆ పల్చటి లాప్‌టాప్‌కి వైరు పెట్టే చోటు కూడా లేదు.

"వైఫైని నడిపించే ప్రోగ్రాముని డ్రైవరు అంటారమ్మా, ఈ కొత్త డ్రైవరు ఇది అమెరికా అనుకుంటోంది. అక్కడ చట్టప్రకారం వైఫైకి పదకొండు ఛానెళ్ళే. మనకి పదమూడు. రద్దీ ఉండదని మీ ఇంట్లోనూ ఇక్కడా పదమూడే పెట్టేను. నాదే తప్పు."

"ఇండియా అని చెప్పండి దానికి!"

"చెప్తే వినట్లేదమ్మా. మన వైఫైని కింది ఛానెల్‌కి మారిస్తే, ఆ రద్దీలో మాట తెగిపోతుంది. పాత డ్రైవరే వెయ్యాలి."

"నెట్ లేకుండా ఎక్కణ్ణించి తెస్తారండీ?" అన్నాను నేను. గడియారం పావు తక్కువ పది చూపిస్తోంది.

ఆయన సొరుగులోంచి పెన్‌డ్రైవ్ తీశారు. పాత డ్రైవరు అందులో ఉంది. వేసి, లాప్‌టాప్ ఆపి మళ్ళీ ఆన్ చేశారు. తెర నల్లగా ఉన్నంతసేపూ ముగ్గురం గడియారం వైపే చూశాం. తొమ్మిదీ యాభై ఆరుకి వైఫై కనిపించింది. కుసుమని లోపలి గదిలో కూర్చోబెట్టి, గుమ్మం దగ్గర కాపలా నిలబడ్డారు.

"ముందే ఎలా దాచేరండీ?" గుసగుసగా అడిగాను.

"మొన్న బుధవారం నాకూ ఇలాగే పోయింది. నాలుగు రోజులు పట్టింది కనుక్కోడానికి. డ్రైవరు రాసినవాళ్ళకీ రాసేను, సరిచేస్తామన్నారు."

"తెలిసి తెలిసి మీరెందుకండీ ముందు వేసుకుంటారు?"

"ఎవరో ఒకరికి ముందు చెడాలి కదండీ. నాకైతే ఇంటర్వ్యూలు లేవు."

నాకు నవ్వు రాలేదు. లోపల కుసుమ గొంతు మాత్రం ఎక్కడా తెగకుండా వినిపిస్తోంది.

అరగంటకి బయటికొచ్చింది.

"ఏమన్నారమ్మా?" ఆయన కంటే ముందు నేనే అడిగాను.

"వచ్చే నెల వచ్చి చేరమన్నారండి! మీ ఊళ్ళో నెట్ ఇంత బాగుందేంటని కూడా అడిగేరు."

దుర్గారావు గారి చెవులు ఎర్రబడ్డాయి. ఏం చెయ్యాలో తెలియక, పక్కనున్న కీబోర్డు తిరగేసి దుమ్ము దులపడం మొదలెట్టారు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.