బట్టీ మేస్త్రీ మ్యూజియానికి వెళ్లిన రోజు

మా అత్తగారు ముప్పై ఏళ్లు పెంకుల ఫ్యాక్టరీలో బట్టీ చూసుకున్నారు. మంట రంగు చూసి లోపల వేడి ఎంతుందో చెప్పేసేవారట. అక్కడ ఆవిడని అందరూ మేస్త్రీ అనేవాళ్లు. ఇంట్లో మేమూ అంతే, కాకపోతే చాటుగా.

ఆవిడ పాతికేళ్ల వయసులో ఉండగా, ఓ పేరున్న చిత్రకారుడు కుండలు చేస్తానంటూ ఆ ఫ్యాక్టరీకి వచ్చాడు. కుంచె పడితే ఎంత ఘనుడో, మట్టి ముందు అంత పసివాడు. మొదటి వాయి గిన్నెలన్నీ బట్టీలోనే పేలిపోయాయి.

"అడుగు ఇంత మందంగా ఉంటే తడి ఎలా పోతుంది సార్? గీకండి. వారం రోజులు నీడన ఆరనివ్వండి" అన్నారట ఈవిడ మొహమాటం లేకుండా. ఆయన నొచ్చుకోలేదు. ఆ మర్నాటి నుంచి "మేస్త్రీ, ఇది నిలబడుతుందా?" అని అడగందే బట్టీలో ఏదీ పెట్టలేదు. రెండేళ్లు చేసి, మళ్లీ బొమ్మల్లో పడ్డాడు. ఆ కుండల సంగతి పెద్దగా ఎవరికీ తెలియలేదు.

మొన్న పేపర్లో ఆ కుండల ప్రదర్శన అని ఉంటే చదివి వినిపించాను. "పద" అన్నారు. మోకాళ్ల నొప్పులు ఎటు పోయాయో, మ్యూజియం మెట్లు నాకంటే ముందే ఎక్కేశారు.

ఒక్కో గాజు పెట్టె ముందూ ఆగి, చుట్టాన్ని చూసినట్టు తలూపుతున్నారు. "ఇది వంకర పోయింది. వద్దంటే విన్నాడా!" చివరి పెట్టెలో వెడల్పాటి నీలం గిన్నె. దాని చీటీ మీద 'ఆకాశానికి నివేదన' అని రాసుంది. నేను చదవగానే పకపకా నవ్వేశారు.

"అత్తయ్యా, మెల్లిగా!"

"ఆకాశమా, నా మొహమా! మా బట్టీ దగ్గర కుక్క నీళ్లు తాగిన గిన్నె ఇది. మామూలు గిన్నెల్ని తన్నేస్తోందని దీన్ని ఇంత వెడల్పుగా చేశాడు."

ప్రదర్శన ఏర్పాటు చేసినావిడ గబగబా వచ్చింది. మమ్మల్ని బయటికి పంపించేస్తారు అనుకున్నాను.

"మీకెలా తెలుసమ్మా?"

"కాల్చింది నేనే కదా."

ఆవిడ కళ్లు ఇంతింతయ్యాయి. "ఆయన నోటు పుస్తకంలో పేజీ పేజీకీ 'మేస్త్రీని అడగాలి' అని ఉంది. మగాయన అనుకుని రెండేళ్లుగా వెతుకుతున్నాం!"

వెంటనే కుర్చీ వేశారు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా చుట్టూ మూగారు. ఏ కుండ ఎందుకు పగిలిందో, ఏ నీలం ఎలా వచ్చిందో అత్తగారు చేతులు తిప్పుతూ చెబుతూనే ఉన్నారు. తలుపులు మూసే వేళయినా ఎవరూ కదల్లేదు. నేను ఆవిడ బ్యాగు పట్టుకుని, నోరు తెరుచుకుని విన్నాను.

వారంలో చీటీ మారింది: 'కుక్క నీళ్ల గిన్నె'. కింద, కాల్చినవారిగా అత్తగారి పూర్తి పేరు. ఆదివారం పాత ఫ్యాక్టరీ వాళ్లని పదకొండు మందిని వెంటేసుకుని మళ్లీ వెళ్లారు. ఒకాయన ప్రతి గిన్నెకీ వంక పెడుతుంటే, "నువ్వు చేసుంటే ఆ పాటి కూడా నిలిచేది కాదు, నోర్మూసుకుని చూడు" అన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే.