కొబ్బరికాయల పరీక్ష

మా మామగారు చర్చి గుమ్మం తొక్కరు. ఆయన ప్రాణస్నేహితుడేమో కూతురి పెళ్లి చర్చిలో పెట్టుకున్నాడు. "మీరు రాకపోతే నాకది పెళ్లిలా ఉండదండీ" అని కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లాడు.

మెదడు ముందు భాగం దెబ్బతింటే మనిషి పట్టిన నియమం వదల్లేడని, మతంలో మొండితనానికి అదీ ఒక కారణం కావచ్చని అమలాపురం లైబ్రరీలో చదివాను. చూద్దామని మామగారిని కొబ్బరికాయల రాశి ముందు కూర్చోబెట్టాను. సైజును బట్టి ఏరిస్తూ, మధ్యలో రంగును బట్టి ఏరమన్నాను. ఆయన తడుముకోకుండా మార్చేశారు.

"మీ మెదడు భేషుగ్గా ఉందండీ. మరి పెళ్లికి వెళ్లడానికేం?"

"కాయల రూలు మీరు పెట్టేరు, మీరే మార్చేరు. చర్చి రూలు మా నాన్నగారు పెట్టేరు. మార్చడానికి ఆయన లేరు కదా అల్లుడుగారూ."

వంటింట్లోంచి అత్తగారు అందుకున్నారు. "చర్చిలోకి వెళ్లొద్దన్నారు గానీ, మీ నాన్నగారు షామియానాలో కూర్చోవద్దన్లేదు కదండీ."

పెళ్లిరోజు చర్చి బయట షామియానాలో మొదటి కుర్చీ మామగారిదే. పెళ్లి అవుతూనే స్నేహితుడు చెమట తుడుచుకుంటూ వచ్చి ఆయన పక్కన కూలబడ్డాడు.

"తెలివంటే మీదేనండీ. లోపల ఒకటే ఉక్క."