నంబర్లు గీకేసిన మనిషి

కొత్తకోట దాటాక బస్సు గోతిలో పడి లేచింది. ఆ కుదుపుకి సింహాద్రమ్మ ఒళ్లోని సంచి ఎగిరిపడి, నల్ల వైరు ముక్కొకటి బయటికి వేలాడింది. ఆమె దాన్ని లోపలికి తోసేలోపే పక్క సీటు మనిషి చూసేశాడు. చూసి ఊరుకున్నాడా అంటే లేదు, మెడ సాచి సంచిలోకి తొంగిచూశాడు.

"అందులో ఏటుందమ్మా?"

"కాకరకాయలు."

"కాకరకాయలకి ప్లగ్గు కూడా ఉంటాదేటి?"

సింహాద్రమ్మ వైరు ముక్క లోపలికి తోసేసింది. సంచిని పొట్టకి హత్తుకుని కిటికీ వైపు జరిగింది. మనిషి యాభై దాటినవాడు, ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గెడ్డం. చూపు మాత్రం మంచిది కాదు. అతని కాళ్ల దగ్గరున్న గోనెసంచి, బస్సు ఊగినప్పుడల్లా గలగలమంటోంది. రావికమతం చుట్టుపక్కల బోరు మోటార్ల రాగి తీగలు కోసుకుపోయే దొంగలు తిరుగుతున్నారని ఆమె ఆ నెలలోనే విన్నది. దొంగలకు ఇస్త్రీ చొక్కాలు ఉండకూడదని ఎక్కడా లేదు కదా.

కాసేపాగి ఆ మనిషే మళ్లీ అడిగాడు, ఈసారి గొంతు తగ్గించి. "ఆ పెట్టెకి నాలుగు స్క్రూలుండాల. రబ్బరు బ్యాండేసినారు. మూతెవరు తీసినారు?"

పెట్టెకి స్క్రూలు ఉండేవని ఈడికెలా తెలుసు? సింహాద్రమ్మ సంచి మూతి మెలిపెట్టి పట్టుకుంది. రోలుగుంటలో దిగి వేరే బస్సు ఎక్కుదామా అనుకుంది గాని, ఆలస్యం చేసే వీలు లేదు.

ఎందుకు లేదో చెప్పాలి. ఆ వేసవిలో కొక్కెర తెగులు వచ్చి ఆమె పెరట్లో కోళ్లన్నీ మెడలు వాల్చి పోయాయి. అత్తగారి అత్తగారి నాటినుంచి ఆ ఇంట్లో సాగుతున్న జాతి అది. తెగులు రాకముందు ఏరి దాచిన గుడ్లు మాత్రం మిగిలాయి. పొదగడానికి పెట్టలేవీ? తమ్ముడు లోవరాజు ఒక థర్మాకోల్ పెట్టెలో బల్బు బిగించి, నర్సీపట్నంలో స్కూలు వ్యాను నడిపే ఎవరో చేసిన కంట్రోలు పెట్టె తెచ్చి తగిలించాడు. వేడి తగ్గితే బల్బు వెలుగుతుంది, పెరిగితే ఆరుతుంది. మారినప్పుడు లోపల టక్‌మంటుంది. పిల్లలు బయటికి రావడానికి ఇంకో వారముందనగా, ఆ టక్ కాస్తా టకటకా అయింది. పెట్టెకి చలిజ్వరం వచ్చినట్టు బల్బు కొట్టుకోవడం మొదలుపెట్టింది. లోవరాజు జీడిపిక్కల బేరానికి కొయ్యూరు కొండల్లోకి వెళ్లాడు, ఫోను అందదు. ఇంటి దగ్గర కోడలు పుష్పవతి థర్మామీటరు చూస్తూ, చేత్తో స్విచ్చి వేస్తూ, తీస్తూ కూర్చుంది. మనిషన్నాక ఎంతసేపు కూర్చుంటుంది?

నర్సీపట్నంలో దిగి ఆమె గబగబా నడిచింది. అబీద్ సెంటరు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే గోనెసంచి మనిషి వస్తున్నాడు. ఆమె ఆగితే ఆగాడు. చెరుకురసం బండి పక్కన నిలబడి రసం తాగకుండా ఆమెనే చూశాడు.

గోపీకృష్ణ రిపేరు షాపులో అడుగుపెట్టాకే ఆమెకు ఊపిరాడింది. గోపీకృష్ణ ముప్పై ఏళ్ల కుర్రాడు, చేతిలో పని ఉన్నా నోరు ఖాళీగా ఉంచడు. పెట్టె మూత తీసి పకపకా నవ్వాడు.

"ఓలమ్మ! బోర్డుకి పెళ్లి సేసినారేటి పిన్నిగారూ? ఒళ్లంతా కుంకం బొట్లు!"

"నానే ఎట్టినాను. మూత కత్తిపీటతో ఇప్పి మరీ ఎట్టినాను. మీరు మంచి సామాను పీకీసి పాతవి ఏసీత్తారంట కదా? ఇచ్చినప్పుడు బొట్లన్నీ ఉండాల."

గుమ్మం బయటినుంచి ఎవరో గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడైంది. ఆమె తిరిగి చూసేసరికి గోనెసంచి గుమ్మంలో ఉంది, దాని మనిషి పక్కన ఉన్నాడు.

గోపీకృష్ణ అతన్ని గమనించలేదు. ప్లగ్గు పెట్టి బల్బు తగిలించాడు. పెట్టె బుద్ధిగా పనిచేసింది. వేడిని కొలిచే పూసను వేళ్లతో పట్టుకుంటే టక్, వదిలితే కాసేపటికి టక్. "ఏ రోగం లేదు పిన్నిగారూ. మీ ఇంటి కరెంటు మంచిది కాదు."

"ఇంటికాడ కొట్టుకుంటంది బావూ! నాను అబద్ధమాడతానేటి?"

"ఒక రోజు ఉంచీసి వెళ్లండి, సూస్తాను."

ఉంచితే బొట్లు చెరిపి, సామాను మార్చి, మళ్లీ బొట్లు పెట్టడం ఎంత పని? సింహాద్రమ్మ చెయ్యి పెట్టె మీదికి పోయింది.

"ఫ్యాను ఆపు," అన్నాడు గుమ్మంలోని మనిషి.

గోపీకృష్ణ తలెత్తి, బోర్డు వైపోసారి, అతని వైపోసారి చూశాడు. "ఓహో, సాగరన్నా! అందుకేనా ఐసీ చిప్పుల మీద ఒక్క నంబరూ లేదు! అమ్మా, ఈయనే మీ పెట్టెని కన్న తండ్రి. దయాసాగర్ అని, మా ఊరి సైంటిస్టు. ఎవరైనా డిజైను కొట్టేత్తారని ఐసీల నెత్తి మీద నంబర్లు గరుకు కాగితంతో గీకీసి, పైన పైపులకి పూసే నల్లముద్ద పూసీత్తాడు. పేపరు మీద బొమ్మ గీసినా ఒక తీగ కావాలని తప్పు గీస్తాడు. తర్వాత ఆ తప్పు ఏదో ఆయనకే గుర్తుండదు!"

అన్నది ఎగతాళికే గాని అబద్ధం కాదు. దయాసాగర్ తండ్రి చర్చి మైకు సెట్టు చూసుకునేవాడు. ప్రార్థన నడుస్తుంటే పిల్లవాడు యాంప్లిఫయరు వెనక కూర్చుని లోపలి ఎర్రటి వెలుగు చూస్తూ పెరిగాడు. పెద్దయ్యాక పొద్దున, సాయంత్రం స్కూలు వ్యాను నడపడం, నడుమ దొరికిన ఎండపూటంతా సర్క్యూట్లు కట్టడం. పాడైన బోర్డులు చోడవరం పాత సామాను కొట్లో తూకానికి కొని, గోనెసంచిలో వేసుకొచ్చి, పనికొచ్చే ముక్కలు ఊడదీసుకుంటాడు. జీడితోటల్లో పందుల్ని బెదరగొట్టే గంట కట్టాడు. ట్యాంకు నిండితే మోగే బజరు కట్టాడు. ఆ బజరులాంటిదే కొన్ని నెలలకు అబీద్ సెంటరులో మంచి డబ్బాలో వేలాడుతూ కనిపించింది. అది ఇక్కడిది కాదు, విశాఖపట్నం నుంచి వచ్చిన సరుకని షాపుల వాళ్లన్నారు. దయాసాగర్ నమ్మలేదు. అప్పటినుంచే గీకుడు. కొండల మీద ఆకుమందిచ్చేవాళ్లు ఏ ఆకో తెలియకుండా నూరి ఉండ చేసి ఇస్తారు, ఎవరూ తప్పు పట్టరు. ఐసీ నూరితే మాత్రం ఊరంతా నవ్వుతుంది. భార్య ఎస్తర్ రాణి వంటింట్లోంచి తొంగిచూసినా అతను బోర్డు మీద తువ్వాలు కప్పుతాడట!

సింహాద్రమ్మకు దొంగ కాదని తేలిన మనిషి మీద అనుమానం పోలేదు, రూపు మార్చుకుంది. ఇంత దాచేవాడు ఇంకేం దాస్తున్నాడో?

ఫ్యాను ఆగింది. దయాసాగర్ వెలుగుతున్న బల్బును బోర్డు దగ్గరికి జరిపాడు. ముగ్గురికీ చెమటలు కారాయి. టక్. టక్. ఆ తరవాత బల్బుని వేసి ఆర్పే రిలే టకటకటకమని కొట్టుకుంది.

"ఇదేనండీ! ఇదే!" సింహాద్రమ్మ అరిచింది. "సూసినారా, నాను అబద్ధమాడనేదు!"

"సల్లగా ఉంటే పట్టుంటాది, వేడెక్కితే వదిలేస్తాది. లోపల ఎక్కడో అతుకు సరిగా లేదు. ముద్ద తియ్యాల," అన్నాడు దయాసాగర్. అని కదలకుండా గోపీకృష్ణ వైపు చూశాడు. "నువ్వు కాస్త బయట నిలబడు."

"నా షాపులోంచి నన్నే పొమ్మంటావేటి!"

అప్పుడే సింహాద్రమ్మ ఫోను మోగింది. అటు పుష్పవతి ఏడుపు గొంతు. "అత్తా, బాబుకి పాలిత్తూ కునుకు తీసీసినాను. బల్బు అలగే ఉండిపోనాది. గుడ్లు సెయ్యెడితే సురుక్కుమంటన్నాయి."

"మూత తీసి ఇసురు! బేగి! నానొచ్చీసినాను."

ఫోను పెట్టేసి ఆమె ఎండకని తెచ్చుకున్న గొడుగు విప్పింది. గోపీకృష్ణకీ బల్లకీ మధ్య అడ్డంగా పట్టుకుంది. "ఇదిగో, ఆడికి కనపడదు. నువ్వు కానీ."

దయాసాగర్ గొడుగు చాటున చాకు మొనతో నల్లముద్ద పెకలించాడు. సాల్డరింగ్ ఇనుము గొడుగు మీదుగా వచ్చింది. కళ్లద్దాలు ఎత్తి చూశాడు, దించి చూశాడు. ఆ వయసులో వెంట్రుకంత పగులు కంటికి ఆనుతుందా? ఇనుము మొన ఐసీ తీగకాళ్లలో ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి తడుముకుంటూ పోయింది.

"నా దగ్గర భూతద్దం ల్యాంపుంది," అంది గొడుగు అవతలి గొంతు. "అది బల్లకి బిగించినది. ఇటేపే చూడాల మరి."

దయాసాగర్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ బోర్డు మీదికి వంగాడు. సింహాద్రమ్మ అతని మొహం చూసింది. ఇంకో గంటైనా ఈ మనిషి ఇలాగే ఉంటాడు, అక్కడ గుడ్లు ఉడికిపోతాయి. ఆమె గొడుగు టపుక్కున ముడిచేసింది.

"మీ దాపరికాలు మీవి. గుడ్లు నావి. ఇద్దరూ సూడండి."

గోపీకృష్ణ అద్దం కిందికి వంగాడు. ఈసారి నవ్వలేదు. "ఇదిగో అన్నా, ఈ ఐసీ కాలు కదులుతంది. బిగించాక నంబరు గీకినావు కదా, గరుకు కాగితంతో అటూ ఇటూ ఊపీసినావు. అతుకు అప్పుడే బీటలేసింది."

దయాసాగర్ ఆ కాలుని గోటితో తాకి చూశాడు. కదిలింది. గోపీకృష్ణ సన్న పట్టకారుతో పట్టుకుంటే తను కొత్త సీసం పోశాడు. మళ్లీ బల్బు దగ్గర పెట్టారు. టక్. చాలాసేపటికి, తాపీగా, ఇంకో టక్. ఎంత వేడెక్కినా అంతే.

సింహాద్రమ్మ పెట్టె సంచిలో పెట్టుకోబోతూ ఆగింది. బొట్లు లెక్క చూసుకుని, అతని మొహంలోకి చూసింది. "బాగానే ఉంది గాని బావూ, ఆ చిప్పు మాడిపోతే? నంబరు నీ ఒక్కడి కడుపులోనే ఉంది. రేపు నువ్వు సచ్చిపోతే నా కోళ్లేటవ్వాల?"

గోపీకృష్ణ చేతిలో ఫోను ఉంది. ఊరికే పట్టుకున్నాడో, కెమెరా తెరిచాడో తెలియదు. దయాసాగర్ ఆ ఫోను వైపే చూశాడు. తరవాత సింహాద్రమ్మను చెయ్యూపి గుమ్మం బయటికి, ఎండలోకి పిలిచాడు. అటూ ఇటూ చూసి, ఆమె చెవి దగ్గర ఒక నంబరు చెప్పాడు. ఆమె పెదాలు కదిలించి వల్లించుకుంది. ఇంకోసారి చెప్పమంది. చెప్పాడు.

"పిన్నిగారూ, ఏటి సెప్పినాడు?" గోపీకృష్ణ లోపలినుంచే కేకేశాడు. "సెప్పండి, స్టాకు తెప్పించి ఉంచుతాను."

సింహాద్రమ్మ సంచి పొట్టకు హత్తుకుంది. "నీకెందుకు బావూ?" అంది, పొద్దున్న బస్సులో మాట్లాడిన గొంతుతోనే.

ఆ మాట నంబరు చెప్పిన మనిషి విన్నాడో లేదో చూద్దామని పక్కకి తిరిగింది. దయాసాగర్ అక్కడ లేడు. గోనెసంచి భుజాన వేసుకుని, ఆటోల మధ్య నుంచి పెదబొడ్డేపల్లి వైపు పోతున్నాడు. ఆమె "ఓ బావూ!" అని పిలిచింది. సంచి గలగలమంది గాని, మనిషి తిరిగి చూడలేదు.